ఓకే నొక్కేసిన స్క్రిప్టు

2022 మార్చి 31, గురువారం. ఆర్థిక సంవత్సరం ఆఖరి రోజు. ఆ శనివారమే ఉగాది. కదిరి వెళ్లడానికి బ్యాగు సర్దుకుని, బెంగళూరు మారతహళ్లిలో నా గదిలో కూర్చుని రాత్రి రన్ రిపోర్టు చూస్తున్నాను. మనిషి బదులు స్క్రిప్టే బ్రౌజర్ తెరిచి మా సైటును రాత్రిపూట పరీక్షిస్తుంది, ఆ స్క్రిప్టులు రాయడం నా పని. 412 టెస్టులు, 412 పాస్. ఒక్క ఎర్ర గీత కూడా లేదు. సాయంత్రం నాలుగున్నరకు సపోర్ట్ టీం నుంచి ఫోన్ వచ్చింది.

అప్పట్లో నేను పనిచేసింది ఒక బీమా ప్రీమియం చెల్లింపు సైటు మీద. చిన్న ఊళ్లలో ఉండే ఏజెంట్లు దాన్ని వాడతారు. మార్చి ఆఖరున ఒక్కొక్కరూ రోజుకు ముప్పై నలభై పాలసీలకు డబ్బు కడతారు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కొందరికి లాగిన్ కాగానే ఒక పెట్టె వస్తోందట. "మీ బ్రౌజర్ చాలా పాతది. ఇందులో చెల్లింపు సురక్షితం కాకపోవచ్చు. కొనసాగించాలా?" కింద ఓకే, క్యాన్సిల్. ఇతరుల డబ్బు చేతిలో పెట్టుకున్న మనిషి అలాంటి మాట చదివితే ఏం చేస్తాడు? క్యాన్సిల్ నొక్కుతాడు. చాలామంది అదే చేశారు. కొందరు బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నారు. అయినా పెట్టె పోలేదు. పక్క కుర్చీలోని ఏజెంటుకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

నా ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను, ఏమీ రాలేదు. రాత్రి రన్ జరిగే మెషీన్‌లోకి లాగిన్ అయి చేత్తో తెరిచాను. పెట్టె వచ్చింది. అంటే ఆ పెట్టె ముందు రాత్రి కూడా వచ్చింది. 412 టెస్టుల్లో లాగిన్ అయిన ప్రతిసారీ వచ్చింది. రిపోర్టులో మాత్రం ఒక్క ముక్క లేదు.

కారణం వెతకడానికి గంట పట్టింది. రెండు రోజుల ముందు, మార్చి 29న, క్రోమ్ 100 విడుదలైంది. అప్‌డేట్ అందరికీ ఒకేసారి చేరదు, అందుకే పక్క కుర్చీకి రాలేదు. మా సైటులో ఎప్పుడో ఎవరో రాసిన ఒక చెక్ ఉంది. బ్రౌజర్ తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్ అనే వాక్యంలో "క్రోమ్/" తర్వాత వచ్చే రెండు అంకెలు తీసుకుని, అవి 80 కంటే తక్కువైతే పాత బ్రౌజర్ అని తేలుస్తుంది. 99 వరకూ బాగానే ఉంది. 100 రాగానే మొదటి రెండు అంకెలు 10 అయ్యాయి. పదో వెర్షన్ క్రోమ్ అనుకుంది సైటు.

దాన్ని సరిచేయడం డెవలపర్‌కు పది నిమిషాల పని. నన్ను పట్టుకుని వదలనిది వేరే ప్రశ్న. మా స్క్రిప్టు ఆ పెట్టెను చూసి ఎందుకు ఊరుకుంది?

జవాబు నా చేతిరాతలోనే ఉంది. మా స్క్రిప్టులు బ్రౌజర్‌ను నడిపేది సెలీనియం అనే టూల్‌తో. అందులో అన్‌హ్యాండిల్డ్ ప్రాంప్ట్ బిహేవియర్ అనే సెట్టింగ్ ఉంటుంది. స్క్రిప్టు ఎదురు చూడని అలర్ట్ మధ్యలో వస్తే ఏం చేయాలో చెప్పేది అది. మనం ఏమీ పెట్టకపోతే అది "డిస్మిస్ అండ్ నోటిఫై", అంటే పెట్టెను మూసేసి, ఇలా ఒకటి వచ్చిందని ఎర్రర్ ఇస్తుంది, టెస్టు ఫెయిల్ అవుతుంది. దాన్ని "యాక్సెప్ట్" అని మార్చింది నేను, 2021 చివర్లో. అప్పుడు సెషన్ గడువు హెచ్చరిక ఒకటి రాత్రిళ్లు అడ్డొచ్చి పదిహేను ఇరవై టెస్టులు పడిపోయేవి, పొద్దున్నే టీం స్టాండప్ మీటింగులో అందరూ నా వైపు చూసేవారు. యాక్సెప్ట్ అని పెడితే వచ్చిన ప్రతి పెట్టెకూ ఓకే నొక్కి, ఎవరికీ చెప్పకుండా స్క్రిప్టు ముందుకు పోతుంది. "యాక్సెప్ట్ అండ్ నోటిఫై" అని పెట్టినా సరిపోయేది, ఓకే నొక్కుతుంది కానీ ఎర్రర్ కూడా ఇస్తుంది. నేను నోటిఫై వద్దనుకున్నాను. ఏజెంట్లు క్యాన్సిల్ నొక్కిన చోట నా స్క్రిప్టు చదవకుండా ఓకే నొక్కింది.

శుక్రవారం రాత్రికి ఫిక్స్ ప్రొడక్షన్‌కు వెళ్లింది. శనివారం తెల్లవారుజామున 500డి సిటీ బస్సు ఎక్కి హెబ్బాళ చేరి, అక్కడి నుంచి కదిరి బస్సు పట్టుకున్నాను. ఇంటికి చేరేసరికి ఉగాది పచ్చడి చేసి పెట్టి ఉంది. బాగేపల్లి దాటేవరకు నా ఆలోచన మాత్రం ఆ ఏజెంట్ల మీదే. మార్చి 31న ప్రీమియం కట్టలేక ఫోన్లు చేసి, సమాధానం దొరకక కూర్చున్న మనుషులు వాళ్లు.

సోమవారం తిరిగొచ్చి మొదట చేసిన పని, ఆ సెట్టింగ్‌ను తీసేయడం. ఆ రాత్రి 61 టెస్టులు పడ్డాయి. ఒక్కొక్కటీ తెరిచి, ఏ పెట్టె వచ్చిందో, అందులో ఏం రాసి ఉందో, అది రావాలా వద్దా అని రాసుకుంటూ పోయాను. మూడు వారాలు పట్టింది. ఇప్పుడు అలర్ట్ రావాల్సిన చోట ముందు దాని కోసం ఆగుతాం, స్విచ్ టు అలర్ట్ అని దాని దగ్గరకు వెళ్లి టెక్స్ట్ తీసుకుంటాం, అది మనం అనుకున్న వాక్యమేనా అని పోల్చాకే యాక్సెప్టో డిస్మిస్సో చేస్తాం. ప్రతి కన్ఫర్మ్ పెట్టెకూ క్యాన్సిల్ దారిలో కనీసం ఒక టెస్టు ఉంటుంది. క్యాన్సిల్ నొక్కితే నిజంగా ఆగిందా, లోపల సగం పని అయిపోయిందా అన్నది అక్కడే బయటపడుతుంది. అలా రాస్తుండగానే, పాలసీ రద్దు పెట్టెలో క్యాన్సిల్ నొక్కినా రద్దు రిక్వెస్ట్ వెళ్లిపోతున్న ఒక చోటు దొరికింది.

పాపప్ అని మనం ఒకే మాట అంటాం కానీ అవన్నీ ఒక జాతివి కావు. అలర్ట్, కన్ఫర్మ్, ప్రాంప్ట్ బ్రౌజర్ చూపించేవి, వాటికి స్విచ్ టు అలర్ట్. పేజీ మీదే తెర పరిచినట్టు వచ్చే మోడల్ మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్, దాన్ని మామూలుగా వెతికి నొక్కొచ్చు. అది అడ్డుగా ఉండగా వెనక బటన్ నొక్కబోతే ఎలిమెంట్ క్లిక్ ఇంటర్‌సెప్టెడ్ అని వస్తుంది. నోటిఫికేషన్లు పంపొచ్చా, లొకేషన్ చూడొచ్చా అని అడిగేది బ్రౌజర్ అనుమతి పెట్టె. అది పేజీలో ఉండదు, అలర్ట్ కూడా కాదు. దాన్ని బ్రౌజర్ తెరిచేటప్పుడే ప్రిఫరెన్సుల్లో తేల్చుకోవాలి. ఫైల్ ఎంచుకునే పెట్టె ఆపరేటింగ్ సిస్టందే, దాన్ని అసలు తెరవక్కర్లేదు, ఫైల్ ఇన్‌పుట్‌కు పాత్‌ను సెండ్ కీస్‌తో ఇచ్చేస్తే చాలు. కొత్తగా చేరినవాళ్లు అన్నిటికీ స్విచ్ టు అలర్ట్ రాసి, నో అలర్ట్ ప్రెజెంట్ అని వస్తే టెన్షన్ పడతారు. ముందు అది ఏ రకమో కనుక్కోమని చెప్తాను. పేజీ మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్‌లో అది కనిపిస్తే మోడల్. పెట్టె మూసేదాకా పేజీ మొత్తం బిగుసుకుపోతే అలర్ట్.

ఇక రెండో సంగతి. ఇది మొదటి దానికంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది.

2023 సంక్రాంతి వారం కదిరి నుంచే పనిచేస్తున్నాను. ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే. సిగ్నల్ రెండు గీతలు వస్తే గొప్ప. ఏజెంట్ల నుంచి అప్పటికి నాలుగైదు నెలలుగా ఒక ఫిర్యాదు వస్తోంది, "డబ్బు కట్టాక రసీదు రావడం లేదు" అని. మా వైపు ఎప్పుడూ పునరావృతం కాలేదు. రసీదు కొత్త విండోలో తెరుచుకుంటుంది, దానికి టెస్టు ఉంది, రోజూ పాస్ అవుతుంది. విండో హ్యాండిళ్లు, అంటే ఒక్కో విండోకు ఉండే గుర్తింపు పేర్లు, ఏ వరుసలో వస్తాయో నమ్మకూడదు కాబట్టి, నొక్కకముందు ఉన్న హ్యాండిళ్లను రాసుకుని, తర్వాత కొత్తగా చేరినదాన్ని పట్టుకునేలా జాగ్రత్తగా రాసిన టెస్టు అది. ఫిర్యాదును "యూజర్ నెట్‌వర్క్ సమస్య" అని మూసేస్తూ వచ్చారు.

ఆ రోజు వేరే పని మీద టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో చేత్తో ఒక చెల్లింపు చేశాను. చక్రం తిరిగింది, తిరిగింది. చెల్లింపు అయింది. రసీదు రాలేదు. అడ్రస్ బార్ కుడి చివర చిన్న గుర్తు, పాపప్ ఆపేశాం అని. అమ్మ "అన్నం చల్లారిపోతోంది, రా" అని రెండుసార్లు పిలిచింది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని మిద్దె మీదకు పోయాను, అక్కడ సిగ్నల్ కాస్త మెరుగు. అక్కడ చేస్తే రసీదు తెరుచుకుంది. కిందకు వచ్చి చేస్తే రాలేదు.

జరుగుతున్నది ఇది. మనిషి నొక్కిన క్లిక్ వల్ల తెరుచుకునే విండోను బ్రౌజర్ అనుమతిస్తుంది, దానంతట అది తెరుచుకోబోతే ఆపుతుంది. క్లిక్ అయిన వెంటనే విండో తెరవకుండా, సర్వర్ నుంచి జవాబు వచ్చాక తెరిస్తే? క్రోమ్ ఆ క్లిక్‌ను కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, సుమారు 5 సెకన్లు. సఫారీ ఇంకా కఠినం. ఆ గడువు దాటాక విండో తెరవబోతే అది మనిషి అడిగింది కాదని లెక్క. బెంగళూరు ఆఫీసులో జవాబు ఒక సెకనులో వస్తుంది. మా ఇంటి కింద గదిలో ఎనిమిది సెకన్లు. ఏజెంట్ల ఊళ్లు మా ఇంటి కింద గది లాంటివే.

సరే, టెస్టులో నెట్‌వర్క్‌ను నెమ్మది చేసి చూద్దామని జవాబును పది సెకన్లు ఆలస్యం చేయించాను. టెస్టు పాస్. ఇరవై సెకన్లు. పాస్. అదే ల్యాప్‌టాప్, అదే క్రోమ్, చేత్తో చేస్తే ఆగుతుంది, స్క్రిప్టు చేస్తే తెరుచుకుంటుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దున తట్టింది. స్క్రిప్టు తెరిచిన క్రోమ్‌లోనే క్రోమ్ వెర్షన్ పేజీకి వెళ్లాను. ఆ బ్రౌజర్ ఏ స్విచ్‌లతో మొదలైందో అక్కడ కమాండ్ లైన్ అని మొత్తం రాసి ఉంటుంది. పొడవాటి వరుస. అందులో ఒకటి, "డిజేబుల్ పాపప్ బ్లాకింగ్". మేం పెట్టింది కాదు, స్క్రిప్టు మాటను క్రోమ్‌కు చేరవేసే క్రోమ్‌డ్రైవర్ తనంతట తాను పెడుతుంది. అంటే ఇన్నేళ్లుగా మా ఆటోమేషన్ బ్రౌజర్లో పాపప్ బ్లాకర్ లేనే లేదు. ఏజెంటు వాడే క్రోమ్ ఒకటి, మేం పరీక్షించే క్రోమ్ ఇంకొకటి.

ఎక్స్‌క్లూడ్ స్విచెస్ అనే ఆప్షన్‌లో ఆ పేరు ఇస్తే ఆ స్విచ్ పోతుంది. తీసేసి రన్ చేశాను. రసీదు టెస్టు పది సెకన్ల ఆలస్యంతో పడిపోయింది. టెస్టు ఫెయిల్ అయినందుకు అంత సంతోషపడిన రోజు నాకు ఇంకొకటి గుర్తులేదు. దాంతో పాటు ఆలస్యం ఏమీ లేని ఇంకో 11 టెస్టులు కూడా పడ్డాయి. వాటిలో తొమ్మిది మేం చేసిన తప్పే. బటన్ సరిగ్గా నొక్కుడు పడటం లేదని ఎప్పుడో ఎవరో జావాస్క్రిప్ట్ ద్వారా క్లిక్ చేయించారు. అలాంటి క్లిక్‌ను బ్రౌజర్ మనిషి క్లిక్‌గా ఒప్పుకోదు, కాబట్టి దాని వెంట వచ్చే విండోను ఆపేసింది. అవన్నీ మామూలు క్లిక్‌కు మార్చాం.

సైటులో పరిష్కారం సులువైనదే. విండో దానంతట అది తెరవడం మానేసి, చెల్లింపు అయ్యాక పేజీలోనే "రసీదు చూడండి" అని లింకు పెట్టారు. ఎప్పుడు నొక్కితే అప్పుడు తెరుచుకుంటుంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. "నెట్‌వర్క్ సమస్య" అని మూసేసిన టికెట్లను నేనే ఒక్కొక్కటిగా తెరిచి, అసలు కారణం రాసి మళ్లీ మూశాను. ఎవరూ చేయమనలేదు. ఫిర్యాదు చేసిన మనిషిది తప్పు అన్నట్టు రికార్డులో ఉండిపోవడం నాకు నచ్చలేదు.

బ్రౌజర్ ఎవరో కనుక్కునే విషయానికి మళ్లీ వస్తాను. యూజర్ ఏజెంట్ వాక్యాన్ని నమ్మి కోడ్ రాయడం ఎంత ప్రమాదమో దాని చరిత్ర చూస్తే తెలుస్తుంది. మొజిల్లా అనేది నెట్‌స్కేప్ వాళ్ల లోపలి పేరు. ఫ్రేములున్న మంచి పేజీలను సైట్లు మొజిల్లాకే పంపుతుంటే, తరవాత వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కూడా మొజిల్లా అని చెప్పుకుంది. బెంగళూరులో ఇల్లు వెతికేవాళ్లకు ఇది తెలిసిందే, "ఫ్యామిలీకి మాత్రమే" అన్న బోర్డు ఉంటే అందరూ ఫ్యామిలీయే అంటారు. ఇవాళ్టి క్రోమ్ వాక్యంలో మొజిల్లా ఉంది, లైక్ గెకో ఉంది, సఫారీ ఉంది. ఎడ్జ్ వాక్యంలో వాటన్నిటితో పాటు క్రోమ్ కూడా ఉంది, చివర్లో "ఎడ్జ్" అనే మాటను కూడా ఆఖరి అక్షరం తగ్గించి రాస్తుంది. అంకెల గొడవ కూడా క్రోమ్ 100తో మొదలైంది కాదు. 2009లో ఒపెరా పదో వెర్షన్‌కు రాగానే, రెండు అంకెలు చూడని సైట్లు దాన్ని ఒకటో వెర్షన్ అనుకున్నాయి. పాపం ఒపెరా తన వాక్యం మొదట్లో 9.80 అనే ఉంచేసి, అసలు వెర్షన్‌ను చివరికి తోసింది. పదమూడేళ్ల తర్వాత మా సైటు అదే గుంతలో పడింది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాళ్లు మూడంకెల వెర్షన్ వస్తోందని నెలల ముందే హెచ్చరించారు, క్రోమ్ 96 నుంచే వెర్షన్‌ను 100గా చూపించే ఫ్లాగ్ కూడా ఇచ్చారు. ఒక్కసారి ఆ ఫ్లాగ్ పెట్టి లాగిన్ అయి ఉంటే సరిపోయేది.

ఐప్యాడ్ సంగతీ అంతే. బ్రాంచి మేనేజర్లు ఐప్యాడ్‌లు వాడతారని మాకు ఐప్యాడ్ టెస్టులు ఉండేవి. నిజానికి అవి డెస్క్‌టాప్ క్రోమ్‌కు ఎప్పటిదో ఐప్యాడ్ యూజర్ ఏజెంట్ తగిలించి నడిపేవే. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి ఐప్యాడ్‌లోని సఫారీ మామూలుగా తనను మ్యాకింటాష్ అని చెప్పుకుంటుంది. అసలు ఐప్యాడ్‌లు మా సైటుకు మ్యాక్‌లుగా కనిపిస్తూ, మౌస్ పైన పెడితే తెరుచుకునే మెనూలు చూపిస్తుంటే, మా టెస్టులు ఎక్కడా లేని ఐప్యాడ్‌ను పరీక్షించి పాస్ చేస్తున్నాయి. ఆ టెస్టులన్నీ తీసేయించాను. ఇప్పుడు ఒక నిజమైన ఐప్యాడ్ ఆఫీసు సొరుగులో ఉంది, ప్రతి రిలీజుకు ముందు దాని మీద చేత్తో చూస్తాం.

మా రిపోర్టుల్లో ఏ బ్రౌజర్ మీద నడిచిందో రాయడానికి కూడా యూజర్ ఏజెంట్‌ను వాడం. తను తెరిచిన బ్రౌజర్ గురించి డ్రైవర్ ఇచ్చే వివరాల్లో, అంటే డ్రైవర్ కేపబిలిటీస్‌లో, బ్రౌజర్ పేరు, వెర్షన్, ప్లాట్‌ఫాం ఉంటాయి, అవి తీసుకుంటాం. క్రోమ్ 101 నుంచి యూజర్ ఏజెంట్‌లో చిన్న వెర్షన్ అంకెలన్నీ సున్నాలే, పూర్తి వెర్షన్ అక్కడ దొరకదు. అయినా ఆ వాక్యాన్ని పక్కనే నమోదు చేస్తాం, ఎందుకంటే సైటుకు కనిపించేది అదే. మా దగ్గర ఉన్నది ఏమిటి, సైటు అనుకున్నది ఏమిటి అని రెండూ పక్కపక్కన కనిపించాలి.

ఇప్పుడు నేను వేరే ప్రాజెక్టులో ఉన్నాను, సెలీనియం బదులు అలాంటిదే ఇంకో టూల్, ప్లేరైట్ వాడుతున్నాం. పోయిన నెల కొత్తగా చేరిన అమ్మాయి, మదనపల్లె తను, నా దగ్గరకు వచ్చి, "అక్కా, ప్లేరైట్‌లో పాపప్‌ల గొడవే లేదంట కదా, దానంతటదే చూసుకుంటుందంట" అంది. దాన్ని కూర్చోబెట్టి చూపించాను. డైలాగ్ (అలర్ట్ లాంటి పెట్టె) వస్తే పట్టుకునే కోడ్, అంటే లిజనర్, మనం పెట్టకపోతే ప్లేరైట్ దాన్ని డిస్మిస్ చేసేస్తుంది, ఎవరికీ చెప్పదు. నేను 2021లో పెట్టిన సెట్టింగ్‌కు ఇది అన్నదమ్ముల బిడ్డ, అది ఓకే నొక్కేది, ఇది క్యాన్సిల్ నొక్కుతుంది. పాపప్ బ్లాకింగ్ ఆపే స్విచ్ ఇందులోనూ మొదటి నుంచే ఉంటుంది. "మరి ఏం చేయాలక్కా?" అంది.

ఇద్దరం కలిసి, అన్ని టెస్టులకూ ఉమ్మడిగా ఉండే బేస్ ఫిక్స్చర్‌లో ఒక లిజనర్ రాశాం. ఏ టెస్టులో ఏ డైలాగ్ వచ్చినా దాని రకం, టెక్స్ట్, ఆ పేజీ చిరునామా ఒక ఫైల్‌లో రాసి, టెస్టు ముందుగా చెప్పిన వాక్యం కాకపోతే టెస్టును ఫెయిల్ చేస్తుంది. ఒకసారి లిజనర్ పెట్టాక డైలాగ్‌ను యాక్సెప్టో డిస్మిస్సో మనమే చేయాలి, మరిచిపోతే పేజీ అక్కడే ఆగిపోతుంది. మొదటిసారి ఆ తప్పు చేసి అరగంట ఎదురు చూసింది ఆ పిల్ల.

నిన్న రాత్రి మొదటి పూర్తి రన్ అయింది. ఫైల్‌లో 23 రకాల వాక్యాలు వచ్చాయి. పొద్దున్నే టీ తాగుతూ ఒక్కొక్కటీ చదివాం. 22 మాకు తెలిసినవే. ఒకటి మాత్రం ప్రొఫైల్ పేజీలో వచ్చింది, "మార్పులు సేవ్ కాలేదు" అని. ఆ టెస్టులో మేం ఏ మార్పూ చేయలేదు. ఆ అమ్మాయి ఆ లైను కింద ఎర్ర గీత గీసి, పేజీ స్క్రీన్‌షాట్ తీసుకుని డెవలపర్ దగ్గరకు వెళ్లింది.